నామరూపాల మధ్య

“ఆ తర్వాత సిస్టమ్ మళ్లీ ఆన్ చేశారా అక్కా?”

కంప్యూటర్ రిపేరు దుకాణాల్లో ఈ ప్రశ్న తరచూ వినిపిస్తుంది. సీపీయూ డబ్బాను చంటిబిడ్డలా ఎత్తుకొచ్చి కౌంటర్ మీద పెట్టినావిడ ముఖం అప్పటికే వాడిపోయి ఉంటుంది. గేమ్ ఎక్కించుకోవడానికి చోటు చాలడం లేదని కొడుకు పాత ఫోల్డర్లు కొన్ని తీసేశాడు. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేశాడు. అందులో ఒక ఫోల్డరు ఆమె నాన్న చివరి సంక్రాంతి ఫొటోలది. నాన్న పోయి ఏడు నెలలు. రేషన్ కార్డులోంచి పేరు తీయించడం కూడా అయిపోయింది.

“చేశాను తమ్ముడూ. ఏ మూలనైనా ఉన్నాయేమోనని రాత్రంతా వెతికాను.”

“ఇక ముట్టుకోకండి. దాని మీద కొత్తగా ఏమీ పడకుండా ఉంటే, దొరికే అవకాశం ఉంది.”

దుకాణంలో కుర్రాడు చెప్పింది ఆమెకు సగమే అర్థమవుతుంది. తీసేసినవి దొరకడమేమిటి? దొరికేట్టయితే తీసేసినట్టు ఎలా అవుతుంది? చెత్తబుట్టలోంచి కూడా పారబోశాక ఇంకా ఉన్నాయంటే, ఎక్కడ ఉన్నట్టు, ఏ రూపంలో ఉన్నట్టు? కంగారులో పుట్టినవే గానీ ఇవి చిన్న ప్రశ్నలు కావు. ఒక వస్తువు ‘లేదు’ అనే మాటకు అర్థమేమిటని ఈ దేశంలో తార్కికులు వందల ఏళ్లు వాదించుకున్నారు.

తెలుగులో దేన్నైనా పూర్తిగా పోయిందని చెప్పడానికి ‘నామరూపాల్లేకుండా పోయింది’ అంటాం. వరదకు కొట్టుకుపోయిన ఊరినీ అంటాం, చితికిపోయిన వంశాన్నీ అంటాం. రెండు పోవడాలను ఒక్క ఊపిరిలో చెప్పేస్తాం. అవి వేరు వేరుగా పోతాయని, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కొంత ఎడం ఉంటుందని ఆ నుడికారం వాడేటప్పుడు మనకు తట్టదు. హార్డ్ డిస్కు మీద ఆ ఎడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

కంప్యూటర్ తెర మీదికి చెత్తబుట్ట వచ్చి నలభై ఏళ్లు దాటింది. 1983లో యాపిల్ సంస్థ తెచ్చిన లీసాలో అది ఉంది, మరుసటి ఏడు మ్యాకింటాష్‌లోనూ ఉంది. విండోస్‌లోకి రీసైకిల్ బిన్ పేరుతో 1995లో వచ్చింది. ఒక ఫొటోను అందులో పడేసినప్పుడు అది డిస్కు మీద ఉన్న చోటినుంచి కదలదు. ఇప్పటి విండోస్ చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫైలుకు అర్థంపర్థం లేని ఒక కొత్త పేరు పెడుతుంది. అసలు పేరు, అది ఉన్న ఫోల్డరు, తీసేసిన వేళ, ఈ వివరాలను విడిగా ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. రైల్వే క్లోక్ రూములో మూట ఒకచోట, చీటీ ఒకచోట ఉన్నట్టు. ‘రీస్టోర్’ నొక్కితే చీటీ చూసి మూట తిరిగి ఇస్తుంది.

బుట్ట ఖాళీ చేసినప్పుడు పోయేది మొదట ఆ చీటీ వ్యవస్థే. సాధారణంగా నాలుగు ఎంబీల ఫొటో ఒకటి హార్డ్ డిస్కు మీద నాలుగేసి కేబీల గళ్లు ఒక వెయ్యి దాకా ఆక్రమిస్తుంది. ఏ గడి నిండి ఉందో, ఏది ఖాళీగా ఉందో చెప్పే పట్టిక ఒకటి వేరే ఉంటుంది. గడికొక బిట్టు. ఒకటి అంటే నిండినది, సున్నా అంటే ఖాళీ. డిలీట్ అయినప్పుడు ఆ వెయ్యి ఒకట్లూ సున్నాలవుతాయి. ఫైలు పద్దుకు ‘ఇది వాడుకలో లేదు’ అని గుర్తు పడుతుంది. అంతే. గళ్లలోపల నాన్న కళ్లజోడు, తలపాగా, ముగ్గు మధ్యన గొబ్బెమ్మ, అన్నీ అయస్కాంతపు గీతలుగా ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని ఎవరూ చెరపలేదు. అవి ఫలానావారివని చెప్పే మాట మాత్రం లేకుండా పోయింది.

నామం పోయింది. రూపం ఉంది.

మనిషి విషయంలో ఇది తలకిందులుగా జరుగుతుంది. రూపం ముందు పోతుంది. శ్మశానం నుంచి తిరిగి వచ్చేసరికే అది లేదు. పేరు మాత్రం మిగులుతుంది. తర్పణం విడిచేటప్పుడు తండ్రిని వసురూపుడిగా, తాతను రుద్రరూపుడిగా, ముత్తాతను ఆదిత్యరూపుడిగా పేరూ గోత్రమూ చెప్పి పిలుస్తారు. పోయిన రూపం స్థానంలో, ఉన్న పేరుకు ఒక దేవతారూపాన్ని తొడిగే క్రియ అది. ఆ పిలుపు మూడు తరాలకే. కొడుకు తండ్రయి, ఆ తండ్రీ పోయి, మనవడు దర్భ పట్టేనాటికి పాత ముత్తాత పేరు ఆ వరసలోంచి జరిగిపోతుంది. ఇది నిర్దయ అని ఎవరైనా అనవచ్చు. కానీ ఎవరి పేరు ఎంతకాలం చేతికి అందేలా ఉంచుకోవాలో ఇంత నిదానంగా ఆలోచించి నిర్ణయించిన ఏర్పాటు గురించి గౌరవంతోనే మాట్లాడాలి. కంప్యూటర్ పట్టికల్లో అంత ఆలోచన లేదు. అక్కడ ఒక క్లిక్కుతో పేరు పోతుంది.

ఈ ‘పోవడం’ అసలు నాశనమేనా? దీనికి మన దర్శనాల్లో రెండు ఎదురెదురు సమాధానాలున్నాయి.

న్యాయ వైశేషికులు ‘లేకపోవడా’న్ని కూడా ఒక పదార్థంగా లెక్కించారు. వైశేషికంలో మొదట ఆరు పదార్థాలే ఉండేవి, అభావం తర్వాత ఏడోదిగా చేరింది. తర్కం నేర్చుకునేవాళ్లు మొదట చేతబట్టే ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. అందులో అభావం నాలుగు విధాలు. కుండ చేయకముందు ఉండే లేమి ప్రాగభావం. దానికి మొదలు లేదు, కుండ పుట్టగానే అంతమవుతుంది. కుండ పగిలాక వచ్చే లేమి ప్రధ్వంసాభావం. దానికి మొదలుంది, అంతం లేదు. పగిలిన కుండ ఎన్నటికీ అదే కుండగా తిరిగి రాదు. గాలికి రూపం లేనట్టు ఎప్పటికీ ఉండేది అత్యంతాభావం. కుండ బట్ట కాకపోవడం అన్యోన్యాభావం.

ఈ లెక్కలో తీసేసిన ఫొటోను ఎక్కడ పెట్టాలి? ధ్వంసమైతే తిరిగి రాకూడదు. తిరిగి వచ్చిందంటే ధ్వంసం కానట్టే. నైయాయికుడి దగ్గర మూడో దారి లేదు. బుట్ట ఖాళీ చేసినా ఫైలు చెడలేదు, దాన్ని చేరే దారి చెడింది అనే అతడు అంటాడు. హార్డ్ డిస్కు మట్టుకు అది అక్షరాలా నిజం కూడా.

సాంఖ్యులు ఇంకో అడుగు వేస్తారు. వాళ్ల దృష్టిలో ఏదీ కొత్తగా పుట్టదు, ఏదీ పూర్తిగా పోదు. నువ్వుల్లో నూనె ముందే ఉంది, గానుగ దాన్ని బయటికి తెస్తుందంతే. పుట్టడమంటే ఆవిర్భావం, పోవడమంటే తిరోభావం. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు మట్టిని చూపించి చెప్పిన పాఠం కూడా దీనికి దగ్గరగా నడుస్తుంది. కుండ, మూకుడు అనేవి మాటలో పుట్టిన తేడాలు, ఉన్నది మట్టి. రికవరీ సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు చూసిన సాంఖ్యుడు, తన మాటకు ఇంతకంటే రుజువేం కావాలని అడిగి ఉండేవాడు.

ఆ పని దగ్గరగా చూడదగ్గది. దుకాణంలో కుర్రాడు హార్డ్ డిస్కును విప్పి, తన కంప్యూటర్‌కు రెండో డిస్కుగా తగిలిస్తాడు. నిదానం తెలిసినవాడైతే మొదట డిస్కు మొత్తానికి గడి గడికీ నకలు తీసి, ఆ నకలు మీదే వెతుకుతాడు. దొరికినవాటిని మూడో చోట భద్రపరుస్తాడు. దొరికినదాన్ని అదే డిస్కు మీద దించితే ఒకటి దొరకబుచ్చుకుంటూ ఇంకోదాన్ని తొక్కేసినట్టవుతుంది. ఫైలు పద్దులు కూడా చెడిపోయినప్పుడు ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పేర్ల జోలికే పోదు. గళ్లను వరసగా చదువుకుంటూ వెళ్తుంది. జేపీఈజీ ఫొటో ఏదైనా 255, 216, 255 అనే మూడు బైట్లతో మొదలవుతుంది. ఆ మూడూ కనబడితే ఇక్కడ ఒక బొమ్మ ఉందని తవ్వి తీస్తుంది. తీసినదానికి ఎఫ్ అనే అక్షరం, దాని పక్కన అది దొరికిన చోటి సంఖ్య, ఇదే పేరు. వందల బొమ్మలు వస్తాయి. ఏ పండుగో, ఎవరి పెళ్లో, ఏ ఏడాదో ఏదీ ఉండదు. రూపాలన్నీ అనాథల్లా బయటికొచ్చి నిలబడతాయి.

పేర్లు ఎవరు పెట్టాలి? ఇక్కడ నైయాయికులు చెప్పిన ఇంకో మాట అక్కరకొస్తుంది. ఊరికే ‘లేదు’ అనడం కుదరదంటారు వాళ్లు. ఏది లేదో చెప్పాలి. కుండ లేదు, బట్ట లేదు. లేనిదానిని వాళ్లు ప్రతియోగి అన్నారు. ప్రతియోగి తెలియకుండా అభావం తెలియదు. డిస్కు పట్టికలో సున్నాకు ప్రతియోగి లేదు, ఏ ఫొటో పోయినా అదే సున్నా. ఆ ఇంటావిడ గుండెల్లో ఉన్న వెలితికి మాత్రం పేరుంది, తేదీ ఉంది, భోగి మంట వాసన కూడా ఉంది. పోయిందేదో తెలిసినవాళ్లు ఒకరైనా ఉంటేనే వెతకడం మొదలవుతుంది.

పాత డాస్ రోజుల్లో ఇది మరీ స్పష్టంగా కనిపించేది. అప్పట్లో ఫైలును తీసేస్తే దాని పేరులో మొదటి అక్షరాన్ని కొట్టేసి అక్కడ ఒక గుర్తు పెట్టేవారు, మిగతా అక్షరాలు అలాగే ఉండేవి. 1982లో పీటర్ నార్టన్ తెచ్చిన పనిముట్లలో అలాంటి ఫైళ్లను తిరిగి తెచ్చేది ఒకటుంది. తర్వాత 1991లో డాస్ ఐదో వెర్షన్‌లోనే ‘అన్‌డిలీట్’ వచ్చింది. అది తెర మీద తల తెగిన పేరును చూపించి, మొదటి అక్షరం ఏమిటో చెప్పమని మనిషిని అడిగేది. మనిషి ఆ ఒక్క అక్షరం కొడితే పేరు నిండేది. యంత్రం దగ్గర లేని ఒక్క అక్షరం మనిషి జ్ఞాపకంలో ఉంటుందన్న నమ్మకం మీద కట్టిన ఏర్పాటు అది.

మనిషి జ్ఞాపకం గురించి కూడా నైయాయికులు ఇలాంటి మాటే అన్నారు. అనుభవం సంస్కారాన్ని మిగులుస్తుంది, సంస్కారం నుంచి స్మృతి పుడుతుంది. మరిచిపోయామంటే సంస్కారం చెరిగిందని కాదు, దాన్ని తట్టి లేపేది ఎదురుపడలేదని. కాళిదాసు దుష్యంతుడు శకుంతలను మరిచిపోయాడు. చేప కడుపులో దొరికిన ఉంగరం చేతికి రాగానే అంతా ఒక్కసారిగా తిరిగొచ్చింది. దుర్వాసుడి శాపం ఆమెను అతడి మనసులోంచి చెరిపి ఉంటే ఏ ఉంగరమూ పనిచేసేది కాదు. శాపం దారిని మూసింది, ఉంగరం తెరిచింది.

ఎడం ఉంది గదా అని అది ఎప్పటికీ ఉంటుందనుకుంటే పొరపాటు. ఖాళీ అని రాసి ఉన్న గడిలో కంప్యూటర్ ఎప్పుడైనా ఇంకోదాన్ని పెట్టేయగలదు. బ్రౌజర్ తెరిచినా దాని తాత్కాలిక ఫైళ్లు ఎక్కడో పడతాయి. విండోస్ తనంతట తాను అప్‌డేట్ దించుకుంటుంది. ఆవిడ రాత్రంతా ఆత్రంగా వెతికిన వెతుకులాటే కొన్ని గళ్లను నింపి ఉంటుంది. అందుకే కుర్రాడి మొదటి ప్రశ్న అది. పోయినదాని కోసం ఏదో ఒకటి చేయాలని చేతులు లాగుతున్నప్పుడు, ఏమీ చేయకపోవడమే చేయవలసిన పని కావడం మామూలు మనిషికి చాలా కష్టం.

మీద ఇంకోటి పడ్డాక కింది రాత నిజంగా పోయినట్టేనా? తోలు మీద రాసిన కాలంలో పోలేదు. ఆర్కిమిడిస్ గ్రంథాల ప్రతిని 1229లో ఎవరో గీకేసి, దాని మీద ప్రార్థనలు రాసుకున్నారు. 1906లో హైబర్గ్ అనే పండితుడు ఇస్తాంబుల్‌లో ఆ ప్రార్థన పుస్తకం అడుగున ఆర్కిమిడిస్‌ను చదివాడు. అంతవరకు పోయిందనుకున్న ఒక రచన అందులో దొరికింది. మిగిలినదాన్ని మన కాలంలో ప్రత్యేకమైన కాంతుల్లో ఫొటోలు తీసి చదివారు. హార్డ్ డిస్కుకూ అడుగు రాత ఉంటుందనే భయం చాలాకాలం నడిచింది. ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పరిశోధన పత్రంతో, డేటాను 35 సార్లు తిరగరాస్తేనే చెరుగుతుందన్న మాట పుట్టింది. కొత్త డిస్కులకు ఆ 35 సార్లు అక్కర్లేదని తర్వాత ఆయనే స్పష్టం చేశాడు. 2006లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ కూడా, ఇప్పటి డిస్కులకు ఒక్కసారి తిరగరాయడం సరిపోతుందని మార్గదర్శకాలిచ్చింది. అంటే డిస్కు మీద రెండో రాత పడిన క్షణాన నైయాయికుడి ప్రధ్వంసాభావం మొదలవుతుంది. సాంఖ్యుడు అక్కడ ఆగి, రూపం పోయినా దానికి మూలమైన ప్రకృతి పోలేదుగా అంటాడు. నాన్న ఫొటో కావలసిన మనిషికి ఆ మాట ఓదార్పు కాదు.

ఇక ఎస్ఎస్‌డీలు వచ్చాక ఈ ఎడమే కుంచించుకుపోయింది. ఫ్లాష్ చిప్పు మీద ఉన్నదాని మీదే కొత్తది రాయడం కుదరదు, ముందు ఆ బ్లాకును తుడవాలి. తుడవడం నెమ్మది పని కాబట్టి ముందుగానే చేసిపెట్టుకోవడానికి ‘ట్రిమ్’ అనే ఆజ్ఞ పెట్టారు. 2009లో విండోస్ 7 నుంచి అది మామూలైంది. బుట్ట ఖాళీ అయిందంటే, ఫలానా గళ్లు ఇక అక్కర్లేదని డ్రైవుకు కబురు వెళ్తుంది. ఆ తర్వాత ఆ గళ్లను అడిగితే సాధారణంగా సున్నాలే వస్తాయి. కుర్రాడి రెండో ప్రశ్న అందుకే, “హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా?” అని. వేగం కోసం మనం ఇచ్చుకున్న మూల్యం అది. తప్పు దిద్దుకునే వ్యవధి.

ఒకటి తిరిగి దొరికితే అది పోయినదేనా అనే ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 1998లో పిక్సార్‌లో ‘టాయ్ స్టోరీ 2’ తీస్తుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞతో సినిమా ఫైళ్లు వరసగా మాయమవడం మొదలైంది. పాత్రలు ఒక్కొక్కటే తెర మీంచి పోతుంటే చూసి యంత్రాన్ని ఆపించారు. తీరా చూస్తే బ్యాకప్‌లు సరిగా పనిచేయలేదు. పసిబిడ్డ ఉన్నందున ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ కంప్యూటర్‌లో ఒక నకలు ఉంది. దాన్ని దుప్పట్లు చుట్టి, సీటు బెల్టు కట్టి కారులో తెచ్చారు. విచిత్రమేమిటంటే, అంత కష్టపడి కాపాడుకున్న ఆ సినిమా కథను తర్వాత వాళ్లే చాలామటుకు పక్కనపెట్టి, కొన్ని నెలల్లో మళ్లీ తీశారు. 1999లో జనం చూసింది ఆ రెండోదాన్ని. ‘అదే ఇది’ అని గుర్తుపట్టడాన్ని మన తార్కికులు ప్రత్యభిజ్ఞ అన్నారు. దాన్ని పట్టుకుని వస్తువు స్థిరంగా ఉందని వాళ్లంటే, బౌద్ధులు దీపం వైపు చూపించారు. సాయంత్రం వెలిగించిన జ్వాలే అర్ధరాత్రి వెలుగుతోందనుకుంటాం గానీ అది ప్రతి క్షణం కొత్త జ్వాల, పోలిక మనల్ని మోసం చేస్తుందన్నారు. ఫైలు ఒక డిస్కునుంచి ఇంకో డిస్కుకు వచ్చినప్పుడు బౌద్ధుల మాటలో బలం కనిపిస్తుంది. కానీ ఒక్క బైటు కూడా తేడా లేకుండా వచ్చినప్పుడు అది వేరని గట్టిగా అనడానికి నోరు రాదు.

తెలుగువాళ్లకు ఇందులో ఇంకా దగ్గరి అనుభవం ఉంది. తాళ్లపాక అన్నమాచార్యులు 32 వేల సంకీర్తనలు చెప్పారని ప్రతీతి. వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారమనే రాతి అరలో భద్రపరిచారు. తర్వాత వాటి ఊసు మరుగున పడిపోయింది. రేకులు మాత్రం గోడ మాటున అలాగే ఉన్నాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అవి మళ్లీ వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివారు వాటిని చదివి, పరిష్కరించి లోకానికి ఇచ్చారు. చెప్పినవాటిలో సగం కూడా దొరకలేదు. దొరికినవాటి తలమీద రాగం పేరుంది, సాహిత్యముంది, స్వరం లేదు. ఆయన ఏ వరసలో పాడాడో ఆ రేకు చెప్పదు. ఇవాళ ఇళ్లలో మోగే అన్నమయ్య పాటల వరసలు చాలావరకు 20వ శతాబ్దపు సంగీతజ్ఞులు కట్టినవి. సాహిత్యం రూపంగా తిరిగొచ్చింది, గొంతు రాలేదు. అయినా ఆ పాటలు ఆయనవి కావని ఎవరూ అనరు, అనకూడదు కూడా. సగం దొరికినదాన్ని మన గొంతుతో నింపుకోవడం దొంగతనం కాదని తెలుగుదేశం ఎప్పుడో ఒప్పుకుంది.

తిరిగి రావడమే అందరి కోరికా కాదు. అమెరికాలో ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ వాడేసిన హార్డ్ డిస్కులు 158 కొని చూశారు. 129 పనిచేశాయి. సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో ఉత్తరాలు, వైద్య వివరాలు, ఐదు వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి. 2003లో ఈ సంగతి అచ్చయింది. ‘తీసేశాం’ అని నమ్మి అమ్ముకున్నవాళ్లవి అవి. కొట్టిన భర్త పంపిన ఫొటోలున్న ఫోను, పాత జబ్బు చిట్టా ఉన్న ల్యాప్‌టాప్, ఇలాంటివాటి విషయంలో నామం పోయి రూపం ఉండిపోవడం శిక్షే. తన వివరాలను చెరిపించుకునే హక్కును మన దేశపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా గుర్తించింది. అడిగినవాడికి నామరూపాలు రెండూ పోవాలి. పట్టికలో సున్నా పెట్టి తీసేశామని చెప్పడం సగం మాట.

ఇందుకు ఇప్పటి ఫోన్లు పట్టిన దారి ఒకటుంది. లోపలి సమాచారాన్నంతా రహస్య లిపిలో ఉంచి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినప్పుడు ఆ లిపిని విప్పే తాళంచెవిని ధ్వంసం చేస్తాయి. చిప్పులో బిట్లు అలాగే మిగిలి ఉన్నా వాటిని ఇక ఎవరూ చదవలేరు. యోగశాస్త్రంలో దగ్ధబీజమనే మాట ఉంది. వేయించిన గింజ చూడ్డానికి గింజలాగే ఉంటుంది, మొలకెత్తదు. మనసును పీడించే క్లేశాలు అలా కావాలని చెప్పడానికి వాడిన పోలిక అది. రూపం ఉండీ లేనిదవడం అంటే ఏమిటో ఇంత సరిగ్గా చెప్పిన మాట ఇంకోటి దొరకదు.

దుకాణంలో సాయంత్రమవుతుంది. ఆ డిస్కు ఎస్ఎస్‌డీ కాదు గనుక చాలా ఫొటోలు వచ్చాయి. కుర్రాడు కుర్చీ జరిపి ఆమెను తెర ముందు కూర్చోబెడతాడు. అన్నీ అంకెల పేర్లే. ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి. ఒక దాంట్లో పక్కింటి పిల్లలు, ఒక దాంట్లో ఎవరిదో గృహప్రవేశం. ఇంకోటి తెరుచుకుంటుంది. పైసగంలో తలపాగా, కళ్లజోడు, నవ్వు. భుజాల కింది నుంచి ముగ్గు ఉండాల్సిన చోటంతా ఉత్త బూడిదరంగు పలక.

“ఆ గళ్ల మీద ఇంకేదో పడిపోయిందక్కా. అంతవరకే వస్తుంది” అంటాడతను.

ఆమె కాసేపు చూస్తుంది. ఆ బూడిదరంగులో ఏ రంగు ముగ్గు ఎక్కడుందో ఆమెకు తెలుసు, వేసింది ఆమే. మౌసు మీద కుడిచెయ్యి పెట్టి, రీనేమ్ నొక్కి, అంకెలన్నీ చెరిపి, మొదటి అక్షరం కొడుతుంది.